బుజ్జీ, అక్టోబర్ 12 గురించి

బరంపురం

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. పర్లాకిమిడి బడిలో ప్రార్థన అయ్యాక పిల్లలు చదువుకునేలా ‘చరిత్రలో ఈ రోజు’ అని బోర్డు పెడుతున్నావట. మొదటి బోర్డు అక్టోబర్ 12 అట. మా ఇంటి పిల్ల నా దారిలోకే వచ్చిందని గర్వంగా అనిపించింది, అబద్ధమెందుకు. ఆ వెనకే టెన్షన్ కూడా పట్టుకుంది. ఏడాదిలో అన్ని రోజులుండగా నీకు ఆ తేదీయే దొరికిందా? ఫోన్ చేస్తే ‘సరే మావయ్యా, సరే మావయ్యా’ అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. మొత్తం చదువు.

ముందు చిన్న విషయాలు. అక్షరాలు చివరి వరసలో ఉన్న పిల్లకి కనిపించాలి. మూడు నాలుగు సంగతులకు మించి రాయకు. తెలుగు పక్కన ఒడియాలో కూడా రాయి, రాసే ముందు ఒడియా మాస్టారికి చూపించు. వాట్సాప్‌లో ఎవరో పంపింది ఎత్తి రాయకు, రెండు పుస్తకాల్లోనైనా చూడు. బోర్డు తడిగుడ్డతో తుడిపించు. పొడి డస్టర్ ముట్టుకున్నావంటే రాత్రికి పిల్లికూతలు మొదలవుతాయి, మళ్ళీ మీ అమ్మకి నిద్ర ఉండదు. బెంచీ మీద కుర్చీ వేసి ఎక్కే పని అసలు పెట్టుకోకు.

ఇక తేదీ సంగతి. కొలంబస్‌తో మొదలుపెడతావట. బహామాస్ దీవుల్లో అతను నేల చేరింది 1492 అక్టోబర్ 12నే. కాకపోతే అది పాత జూలియన్ కాలెండర్ లెక్క. ఇప్పటి లెక్కలోకి తెస్తే అక్టోబర్ 21 అవుతుంది. పాత లెక్కలో ఏడాదికి దాదాపు 11 నిమిషాల తేడా ఉండేది. అది పేరుకుని పేరుకుని తేదీలకీ ఋతువులకీ పొంతన లేకుండా పోయింది. పదమూడో గ్రెగరీ పోపు 1582లో ఒక్క దెబ్బకి పది రోజులు ఎత్తేశాడు. అక్టోబర్ 4 గురువారం రాత్రి పడుకున్నవాళ్ళు లేచేసరికి అక్టోబర్ 15 శుక్రవారం! ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్, పోలండ్ దేశాల్లో ఆ ఏడాది అక్టోబర్ 12 అనే రోజే లేదు. నీ బోర్డుకి ఇంతకంటే మంచి సంగతి ఏం కావాలి? ఆ పది రోజుల్లో పుట్టినరోజు ఉన్నవాళ్ళు ఏం చేసి ఉంటారని అడుగు, పిల్లలు ఆ పూట నిన్ను వదలరు. ఇంగ్లండు 1752 దాకా పాత కాలెండర్‌నే పట్టుకు వేలాడింది. అందుకే షేక్‌స్పియర్‌కీ, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్‌కీ కాగితం మీద పోయిన తేదీ ఒకటే, 1616 ఏప్రిల్ 23. ఇద్దరూ ఒకే రోజు పోయారని ఇప్పటికీ రాస్తుంటారు. నిజానికి ఆ రెండు కాలెండర్ల మధ్య పది రోజుల తేడా ఉంది.

ఇక ఆ తేదీకే వచ్చిన మన తుఫానులు. మీ అమ్మమ్మే ఉంటే ఫైలిన్, హుద్‌హుద్ రెండూ అక్టోబర్ 12నే వచ్చాయన్నా ఒప్పుకునేది కాదు, ఆవిడకి తిథులే లెక్క. 2013లో ఫైలిన్ దసరా నవరాత్రుల్లో వచ్చింది, శుద్ధ పక్షం. 2014లో హుద్‌హుద్ వచ్చేసరికి దసరా అయిపోయి, పున్నమి కూడా దాటింది. అక్టోబర్ 8 పున్నమి నాడు గ్రహణం పట్టింది కదా, ఆ తర్వాత. ఆవిడ పంచాంగంలో ఆ రెండు రోజులకీ చుట్టరికమే లేదు.

మా తరం వాళ్ళకి తేదీలంటే అంత గౌరవం లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. నేను పుట్టింది సంక్రాంతి ముందు, ముగ్గుల రోజుల్లో. బడిలో చేర్చుకున్న మాస్టారు రిజిస్టర్‌లో జూలై 1 వేసేశాడు. నా బెంచీలో ఉన్నవాళ్ళందరికీ అదే తేదీ. స్టేట్ బ్యాంకు మొదలైంది కూడా 1955 జూలై 1నే, కాబట్టి పెన్షన్ తెచ్చుకునే బ్యాంకుకీ నాకూ ఒకటే పుట్టినరోజు. బెంగాల్ ముఖ్యమంత్రిగా చేసిన డాక్టర్ బి.సి. రాయ్ 1882లో పుట్టిందీ జూలై 1నే, 1962లో పోయిందీ జూలై 1నే. ఆయనవి మాత్రం నిజం తేదీలు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది చెప్తాను, ఇక్కడ తొందరపడకు.

బరంపురంలోనే ఒక బడి, పేరెందుకులే. అందులో ఒక మాస్టారు ఉండేవాడు. మంచివాడే, పాఠం బాగా చెప్తాడు, వేళాకోళం పాలు మాత్రం కాస్త ఎక్కువ. ఆయన కూడా నీలాగే బోర్డు రాసేవాడు. 2015లో అక్టోబర్ 12 సోమవారం పడింది, పైగా మహాలయ అమావాస్య. ఆయన శనివారం నాడే రాసి పెట్టాడు. ‘అక్టోబర్ 12: 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2015’ అని రాసి, ఆ పక్కన ఎర్రసుద్దతో పెద్ద ప్రశ్నార్థకం గుర్తు పెట్టాడు. నవ్వుకోడానికే పెట్టాడు. స్టాఫ్ రూమ్‌లో నవ్వుకున్నారు కూడా.

ఊళ్ళో చుట్టాలిళ్ళలో ఉండి ఆ బడిలో చదువుకునే గోపాలపూర్ నోలియాల (సముద్రంలో చేపలు పట్టేవాళ్ళ) పిల్లలు కొందరుండేవారు. శనివారం బడి విడిచాక ఇంటికి పోయేవాళ్ళు. పోయి ఏం చెప్తారు? ‘సోమవారం తుఫానట, బడిలో రాశారు’ అన్నారు. ప్రశ్నార్థకం గుర్తు నోటితో చెప్పడానికి రాదు కదా. పొద్దుగూకేలోపు వాడంతా పాకింది. దానికి అమావాస్య తోడైంది. ఆదివారం నేను వేరే పని మీద అక్కడికి వెళ్తే, వేటకి పోవాల్సిన పడవలన్నీ ఇసక మీద బాగా పైకి లాగి ఉన్నాయి. పైన చూస్తే మబ్బు తునక లేదు. ఒక గుమ్మంలో ముసలమ్మ కూర్చుని రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, కూతురి పెళ్ళి ఫోటో ఒక పాలిథిన్ కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో దూర్చి, సైకిల్ ట్యూబు ముక్కతో మూతి బిగిస్తోంది. ‘వాతావరణ శాఖ వాళ్ళు ఏమీ చెప్పలేదు కదమ్మా’ అన్నాను. ‘రేడియోలో ఎవరో చదువుతారు బాబూ, ఇది బడిలో రాసిందట కదా’ అంది.

సోమవారం ఏమీ రాలేదు. వేట పోయింది, రాబడి పోయింది, ఆ మాస్టారిని ఎవరూ అడగనూ లేదు. అంతటితో పోతే నేనూ మర్చిపోయేవాడిని. 2018లో తిత్లీ తుఫాను హెచ్చరికలు వచ్చినప్పుడు ‘ఆ ఏడూ ఇలాగే అన్నారు, ఏం వచ్చింది?’ అని సామాన్లు సర్దుకోని వాళ్ళు ఉన్నారు, నా చెవులతో విన్నాను. తిత్లీ అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. 12వ తేదీని నమ్ముకుని కూర్చున్నవాడికి ఒక రోజు ముందే వచ్చిందన్నమాట.

అందుకని బుజ్జీ, తేదీలు కలిసిన చోట ఎందుకు కలిశాయో కూడా రాయి. రాయకపోతే జనం వాళ్ళకి తోచిన కారణం వాళ్ళు పెట్టుకుంటారు, మనవాళ్ళకి ముందు తోచేది కీడే. అక్టోబర్, నవంబర్ నెలలు బంగాళాఖాతంలో తుఫానుల కాలం. నైరుతి వెనక్కి మళ్ళుతుంటుంది, సముద్రం నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి, ఆ వేడే తుఫానుకి మేత. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19, ఒడిశా సూపర్ సైక్లోన్ 1999 అక్టోబర్ 29. కాలం కలవడానికి కారణం ఉంది. సరిగ్గా 12వ తేదీయే రెండేళ్ళు కలవడం మాత్రం కాకతాళీయం, ఆ మాటే రాయి. ఆ కింద ఇంకో మాట కూడా రాయి. 1999లో దాదాపు పదివేల మంది పోయారు. 2013లో ఫైలిన్ గంటకు 200 కిలోమీటర్ల గాలితో గోపాలపూర్ దగ్గర తీరం దాటినా పోయినవాళ్ళు పదుల్లోనే, ఎందుకంటే దాదాపు 10 లక్షల మందిని ముందే సురక్షిత ప్రాంతాలకి తరలించారు. పిల్లలు ఇంటికి మోసుకుపోవాల్సింది ఈ కబురు.

సమాచార హక్కు చట్టం కూడా రాస్తావట, బాగుంది. 2005 జూన్ 15న రాష్ట్రపతి ఆమోదం అయింది, 120వ రోజు నుంచి పూర్తిగా అమలు అని చట్టంలోనే ఉంది. జూన్ 15ని ఒకటో రోజుగా పెట్టి పిల్లలనే లెక్కపెట్టమను, సరిగ్గా అక్టోబర్ 12కి వచ్చి ఆగుతారు. చట్టాల విషయంలో ఏ తేదీ రాస్తున్నావో చూసుకో. ఆమోదం ఒక రోజు, అమలు ఇంకో రోజు. రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబర్ 26. అమలుకి 1950 జనవరి 26 దాకా ఆగడం 1930 జనవరి 26 నాటి పూర్ణ స్వరాజ్య దినం కోసం. అది కావాలని కలిపిన తేదీ.

ఏప్రిల్ 1 నాటికి కూడా ఈ బోర్డు నడుస్తూ ఉంటే, అప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయి. నువ్వున్నది పర్లాకిమిడిలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. దానికోసం పాటుపడిన కృష్ణచంద్ర గజపతి ఆ ఊరి మహారాజే, తర్వాత ఏడాది అదే తేదీన ఒడిశాకి మొదటి ప్రధానమంత్రి (అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వ పెద్దని అలాగే అనేవారు) అయ్యారు. అదే పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాషకి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారు, ఊరిని ఒడిశాలో కలపడం నచ్చక, ఆ 1936లోనే ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. నీ బడిలో ఈ ఇద్దరినీ తలుచుకునే ఇళ్ళ పిల్లలుంటారు. ఇద్దరి గురించీ రాయి, ఎవరి పక్కనా వ్యాఖ్యానం పెట్టకు. నా అభిప్రాయం నాకుంది, నీకూ ఉంటుంది, బోర్డుకి అవసరం లేదు.

అన్నట్టు, ఆ తేదీ చుట్టూ ఎన్ని చేరాయో చూడు. 1935లో రిజర్వ్ బ్యాంకు, 1936లో మనతోపాటు సింధు రాష్ట్రం, 1937లో బర్మా ఇండియా నుంచి విడిపోవడం, 1957లో నయాపైసలు. కలంపోటుతో బర్మా వేరే దేశమైపోయింది, రంగూన్‌లో కూలికి పోయిన మనవాళ్ళు పడుకున్న చోటే పరాయివాళ్ళయ్యారు. నయాపైసల సంగతి మా నాన్న చెప్పేవాడు. పదహారు అణాల రూపాయిని నూరు పైసలు చేస్తే అణాకి ఆరుంపావు పైసలు వస్తాయి కదా, అందుకని అణాకి 6 పైసలు, రెండణాలకి 12, మూడణాలకి మాత్రం 19 అని పట్టిక వేలాడదీశారు, ఆ ఒక్క పైసా కోసం కొట్ల దగ్గర రోజూ తగువే. ఇన్నీ ఏప్రిల్ 1నే ఎందుకంటే, సర్కారు లెక్కల సంవత్సరం ఆ రోజే మొదలవుతుంది కాబట్టి. 1867 నుంచీ అదే పద్ధతి.

నువ్వు అక్టోబర్ 12 ఎందుకు పట్టుకున్నావో నాకు తెలియదనుకోకు. ఫైలిన్ రాత్రి నువ్వు నా లుంగీ కొంగు వదల్లేదు. తలుపుకి అడ్డంగా బియ్యం బస్తా జరుపుతుంటే నువ్వూ ఒక చెయ్యి వేశావు. కిటికీ అద్దం పగిలినా ఏడవలేదు. తెల్లారి వీధిలో చెట్లన్నీ పడిపోయి ఉంటే, ఎదురు డాబా మీద నీ నేస్తం కనిపిస్తోందని గెంతులేశావు. మరుసటి ఏడాది మీ నాన్న విశాఖలో డ్యూటీలో ఉండగా హుద్‌హుద్ వచ్చింది. సెల్ టవర్లు పడిపోయి ఫోన్ కలవక, నువ్వు అదే నంబరు నొక్కుతూ నొక్కుతూ నిద్రపోయావు. ఆ ఫోన్ నీ చేతిలోంచి తీసి పక్కన పెట్టింది నేనే. నాన్న క్షేమంగా వచ్చాడు, ఇక దాన్ని పట్టుకుని కూర్చోకు తల్లీ.

నీలాంటి పిల్లలు నీ క్లాసులోనూ ఉండొచ్చు. కొండ ఊళ్ళ నుంచి వచ్చిన హాస్టల్ పిల్లలున్నారని అమ్మ చెప్పింది. తిత్లీ వానకి గజపతి జిల్లా బరఘరలో కొండచరియ విరిగిపడి తలదాచుకున్నవాళ్ళ మీదే పడింది. మీ పిల్లల్లో ఎవరింటి సంగతి ఏమిటో వార్డెన్‌ని ముందు అడిగి తెలుసుకో, ఆ తర్వాతే తుఫానుల మాట బోర్డు మీదికి ఎక్కించు. ఎవరైనా ముఖం దించుకుంటే ఆ వరస తుడిచెయ్యి, కొలంబస్ ఉన్నాడుగా.

ఇంట్లో రెండు బిందెల నీళ్ళు ఎప్పుడూ నింపి ఉంచు. టార్చిలైటు సెల్లులు మార్చు. ఇన్‌హేలర్ బ్యాగులోనే ఉంచుకో. వాన ముదిరితే ఆ రోజు బోర్డు రాయకపోయినా కొంప మునగదు, గదిలోనే ఉండు.

ఎర్రసుద్ద వాడొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. బోర్డు మీద ఏం రాయబోతున్నావో ముందు కాగితం మీద రాసి, 10వ తేదీ లోపల ఫోటో తీసి పంపు. తప్పులుంటే దిద్దుతాను, అప్పుడు మాత్రం అలక్కూడదు.

ఇట్లు,
మావయ్య