బాబు ఫిట్స్ వైద్యం: కాగితాలు దాచకండి, ఖర్చుకు లెక్క వేసుకోండి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా ఆరేళ్ల బాబుకు ఈమధ్య రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. పిల్లల న్యూరాలజిస్టుకు చూపిస్తున్నాం. ఫీజు 1,200, మందులు నెలకు 1,800. ఎమ్మారైకి 9,000 అయింది. మావారి ఆఫీసు ఇన్సూరెన్స్ 5 లక్షలు ఉన్నా దేనికీ డబ్బు రాలేదు. ఒకరోజు అడ్మిట్ చేస్తే వస్తుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఈ కాగితాలు ఉంటే రేపు సొంత పాలసీ ఇవ్వరని, వాటిని పక్కన పడేయమని మావారు అంటున్నారు. ఎఫ్‌డీలో 2 లక్షలు ఉన్నాయి, తీసేయమంటారా?

జవాబు: ముందు మీవారికి చెప్పాల్సిన మాట. దయచేసి ఒక్క కాగితం కూడా పడేయకండి. జబ్బు దాచి తీసుకున్న పాలసీ ప్రీమియం కట్టినన్నాళ్లూ బాగానే ఉంటుంది. బాబును ఐసీయూలో పెట్టిన రోజున ఆసుపత్రి వాళ్లు పాత చరిత్ర అడుగుతారు, మీరు నిజం చెప్పక తప్పదు, క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పి తీసుకుంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకు కంపెనీ పెట్టగలిగే వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు డబ్బు ఇవ్వని కాలం) 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లే. కంపెనీ ప్రీమియం పెంచవచ్చు, ఫిట్స్‌ను మినహాయించి ఇస్తామనీ అనవచ్చు. అలా ఇచ్చినా డెంగీకి, ప్రమాదానికి బాబుకు రక్షణ ఉంటుంది. ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీని అడగండి.

ఒకరోజు అడ్మిషన్ సలహా కూడా వినకండి. కేవలం పరీక్షల కోసం చేసే అడ్మిషన్‌కు డబ్బు ఇవ్వబోమని మన పాలసీల్లో మామూలుగానే రాసి ఉంటుంది. గది అద్దె అదనంగా కట్టి, క్లెయిమ్ రాక, రెండు విధాలా నష్టపోతారు. అయితే బాబుకు నిజంగానే ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, అదే జబ్బుకు చేరకముందు 30 రోజులు, డిశ్చార్జి తర్వాత 60 రోజులు అయిన డాక్టర్ ఫీజు, పరీక్షలు, మందుల ఖర్చు చాలా పాలసీలు ఇస్తాయి. ఆ రోజులు మీ పాలసీలో ఎన్నో చూసుకోండి. ప్రతి బిల్లు మీదా బాబు పేరు, దానికి తగిన డాక్టర్ చీటీ ఉంటేనే ఆ డబ్బు చేతికొస్తుంది. మందుల షాపులో పేరు లేని బిల్లు ఇస్తే అక్కడే మార్పించుకోండి.

ఇక ఏడాది ఖర్చు. రెండు నెలలకోసారి డాక్టర్‌కు చూపిస్తే ఫీజు 7,200. మందులు 21,600. మరో ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష), రక్తపరీక్షలకు 6,000 అనుకుందాం. క్యాబ్‌కు రానూపోనూ 800 చొప్పున 4,800. మొత్తం 39,600, అంటే నెలకు 3,300. మీరు 4,000 పక్కన పెట్టండి. ఎందుకంటే పిల్లలకు మోతాదు బరువును బట్టి ఇస్తారు, బాబు పెరిగేకొద్దీ మందుల ఖర్చూ పెరుగుతుంది. ఫిట్స్ లేకుండా కనీసం రెండేళ్లు గడిస్తే గానీ మందు ఆపే సంగతి డాక్టర్లు మామూలుగా ఆలోచించరు. కాబట్టి దీన్ని ఇంటి అద్దెలాగే నెలనెలా తప్పని ఖర్చుగా చూడండి. ఇందుకోసం ఒక సేవింగ్స్ ఖాతా విడిగా పెట్టి, జీతం పడిన రోజే అందులోకి మార్చేయండి.

మందుల్లో ఆదా చేద్దామని మీకు మీరే బ్రాండు మార్చకండి. జనరిక్ అంటే నాకు గౌరవమే, బీపీ మాత్రలకు నేనే జనౌషధి దుకాణానికి పంపుతాను. ఫిట్స్ మందు విషయంలో మాత్రం డాక్టర్‌ని అడిగాకే మార్చాలి. ఒక్క డోసు తప్పినా ప్రమాదమే కాబట్టి వారం రోజుల మందు ఎప్పుడూ ఎక్కువే ఉంచుకోండి.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే రెండు సంగతులు అడగండి. రిపోర్టులు చూపించడానికి మళ్లీ ఫీజు కట్టాలా, ఎన్ని రోజుల్లోపు వస్తే అక్కర్లేదు? నిద్ర తగ్గించి తీసే ఈఈజీ అయితే ముందురోజు రాత్రి బాబును ఎంతసేపు మేలుకొలిపి ఉంచాలి? ఆ రాత్రి మీ ఇద్దరిలో ఒకరు మేలుకోవాలి, మర్నాడు సెలవు పెట్టాలి. సెలవుకు జీతం కోస్తే అదీ ఖర్చే. మళ్లీ ఫిట్స్ వస్తే, పక్కన ఇంకొకరుంటే ఫోన్లో వీడియో తీయమనండి. అది చూస్తే డాక్టర్‌కు చాలా సంగతులు తెలుస్తాయి. రెండో అభిప్రాయం కావాలనిపిస్తే హోసూరు రోడ్డులో మెదడు, నరాల జబ్బులకు ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. రోజంతా పడుతుంది, కానీ ఖర్చు ప్రైవేటు కంటే చాలా తక్కువ.

పన్ను విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. పాత పన్ను విధానంలో ఉంటే ఆరోగ్య బీమా ప్రీమియానికి 25,000 వరకు తగ్గింపు ఉంది. ఈ డాక్టర్ బిల్లులు అందులోకి రావు. కొన్ని పెద్ద జబ్బుల వైద్యం ఖర్చుకు విడిగా తగ్గింపు ఉంది గానీ, ఆ జాబితాలో ఫిట్స్ లేదు.

ఎఫ్‌డీని ఈ నెలవారీ ఖర్చులకు ముట్టుకోకండి. అది అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే పనికొచ్చే డబ్బు. గడువు తీరినప్పుడు 50,000 చొప్పున నాలుగు ఎఫ్‌డీలు చేయండి, అవసరమైతే ఒకటే తీయవచ్చు. ఇంటికి దగ్గర్లో పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రి ఏది, అందులో మీ పాలసీకి క్యాష్‌లెస్ ఉందా అన్నది ఈ వారమే కనుక్కోండి. ఫిట్స్ ఆగకపోతే ముక్కులో కొట్టే మిడజోలాం స్ప్రే ఉంచుకోవాలా అని డాక్టర్‌ని అడగండి. ఉంచమంటే ఇంటికొకటి, బడికొకటి కొనండి.

మీవారు హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ రాయాలి: ముందునుంచీ ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఉందా, ఓపీడీ (అడ్మిట్ కాకుండా అయ్యే) ఖర్చులు ఏమైనా ఇస్తారా, ఉద్యోగం మానితే అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారడానికి ఎన్ని రోజుల ముందు దరఖాస్తు చేయాలి? మూడోదానికి జవాబు చేతికి రాకుండా ఆయన ఉద్యోగం మారే ఆలోచన చేయొద్దు.