పేరుకుపోయిన పాడ్‌కాస్ట్‌లు ఎన్నాళ్లకు పూర్తవుతాయి?

180 ఎపిసోడ్లు మిగిలిపోయాయి, ఒక్కోటి సగటున 45 నిమిషాలు అనుకుందాం. మొత్తం 135 గంటలు. దీన్ని వారానికి వినే గంటలతో భాగించేసి చాలామంది సంబరపడతారు. అక్కడే లెక్క తప్పేది. కుళాయి కట్టకుండా బకెట్‌లో నీళ్లు తోడుతున్నట్టు, మీరు పాతవి వింటుండగానే కొత్తవి వచ్చి పడుతుంటాయి.

ఆఫీసుకి రానూపోనూ గంటన్నర చొప్పున ఐదు రోజులు వింటే వారానికి ఏడున్నర గంటలు. వారానికి ఐదు కొత్త ఎపిసోడ్లు వస్తే అవే 3.75 గంటలు తినేస్తాయి. పాత బాకీలో తీరేది మిగతా 3.75 గంటలే. అంటే 36 వారాలు!

అదే 1.5 రెట్ల వేగంతో వింటే, అంతే సమయంలో 11.25 గంటల సరుకు అయిపోతుంది. కొత్తవి పోను ఏడున్నర గంటలు తగ్గుతుంది కాబట్టి 18 వారాలు చాలు. వేగం పెంచింది ఒకటిన్నర రెట్లే అయినా గడువు సగానికి పడింది, చూశారా? 2 రెట్లు మాత్రం నా వల్ల కాలేదు; గిన్నెలు తోముకుంటూ వింటే ఒక్క ముక్క బుర్రకెక్కదు.

ఇంకా తొందరైతే ఒకట్రెండు షోలు అన్‌ఫాలో చేయండి. పాత ఎన్నికల విశ్లేషణలు ఇప్పుడెవరికి కావాలి?