కాలిన రెగ్యులేటర్‌ను తుడవనివ్వకు

చిరంజీవికి ఆశీస్సులు.

గుణుపురం, రాయగడ చుట్టుపక్కల ఆసుపత్రుల ఆక్సిజన్ సామాను పని నీ చేతికొచ్చిందని తెలిసింది. సిలిండరు ఒత్తిడిని తగ్గించి ఆక్సిజన్ వదిలే రెగ్యులేటర్ కాలిందని ఫోన్ వస్తే బయల్దేరే ముందే చెప్పు: మంట ఆరాక ఆ చోటు కడగొద్దు, ఏదీ విప్పొద్దు.

వెళ్ళగానే ఫొటోలు తియ్యి. గేజి ముల్లు ఎక్కడ ఆగింది, ఆక్సిజన్ ఎంత పారుతోందో చూపే ఫ్లో మీటర్ నాబ్ తెరిచి ఉందా, వాల్వు ఎవరు మూశారు, ఎన్ని చుట్లు తిప్పితే మూసుకుంది, అన్నీ రాసుకో. వార్డు బాయ్ సవరలోనో ఒడియాలోనో చెబితే ఆ మాటే రాసుకో, తెలుగులోకి మార్చింది పక్కన పెట్టుకో.

ఒత్తిడి లేదని తేల్చుకున్నాకే రెగ్యులేటర్ విడదీసి, సిలిండరుకు బిగించే ముక్కు లోపలికి టార్చి వేసి చూడు. అక్కడి సన్నటి ఇత్తడి జల్లెడ కరిగి చిల్లుపడి, గ్యాస్ దారిని మూసే లోపలి ప్లాస్టిక్ సీటు బూడిదై, బయటి భాగం పైపైనే మాడి ఉంటే మంట లోపల పుట్టి ఉంటుంది. లోపల శుభ్రంగా ఉండి బయట అంతా కరిగితే బీడీ, దుప్పటి, కరెంటు వైరు వైపు వెతుకు.

లోపల ఎలా పుడుతుందంటావా? నిండు సిలిండరులో సుమారు 150 బార్, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 150 రెట్లు, ఒత్తిడి ఉంటుంది. వాల్వు ఒక్కసారిగా తిప్పితే ఆక్సిజన్ దూసుకొచ్చి ముందున్న గ్యాస్‌ను నొక్కేస్తుంది. లెక్క ప్రకారం ఆ క్షణం వేడి 900 డిగ్రీలు దాటగలదు. ప్లాస్టిక్ సీటో, రబ్బరు వాషరో, మరల్లో చిక్కిన నూనె చుక్కో అంటుకుంటుంది. అక్కడినుంచి అల్యూమినియం కూడా కాలుతుంది, ఇత్తడి చాలావరకు ఓర్చుకుంటుంది.

అందుకే వాషర్ సంగతి గట్టిగా అడుగు. లీకవుతోందని వంటగ్యాస్ వాషర్ వేశారా? మరలకు ప్లంబర్ టేపు చుట్టారా? బిగుసుకుందని కొబ్బరినూనె రాశారా? భయంతో మొదట ఎవరూ ఒప్పుకోరు, మెత్తగా అడగాలి. అల్ట్రావయొలెట్ లైటులో కొన్ని నూనెలే మెరుస్తాయి. మెరవలేదని నూనె లేదని రాయకు. తుడవకుండా కొత్త పాలిథిన్ సంచిలో కట్టి, సీలు వేసి, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్ళిందో రాయించు. అదే వార్డులోని, అదే కంపెనీ రెగ్యులేటర్ ఒకటి పోల్చడానికి తెచ్చుకో.

ఆక్సిజన్ రాలేదన్న ఫిర్యాదైతే ముందు హ్యూమిడిఫయర్, అంటే ఆక్సిజన్‌కు తేమ పట్టించే నీళ్ళ సీసా చూడు. ఆక్సిజన్ వదిలి గొట్టం నొక్కిపట్టు. సీసా ఈల వేయకపోతే మూత దగ్గరే లీకయ్యే అవకాశం ఎక్కువ.

కారణం తేలేదాకా అదే రకం రెగ్యులేటర్లన్నీ పక్కన పెట్టించు. మిగతా వాటికి ఫ్లో మీటర్ మూసి, పక్కకు నిలబడి, వాల్వు మెల్లగా తిప్పడం సిస్టర్లకు నువ్వే చేసి చూపించు.