సంతకం అసలుదే, లొకేషనే అబద్ధం!

ప్రశ్న: వాహనాలు ఒకదానికొకటి సమాచారం పంపుకునే వీటూవీ నెట్‌వర్క్ మీద ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నాను. ప్రతి మెసేజ్‌కీ డిజిటల్ సంతకం ఉంటుంది కదా, మరి తప్పుడు లొకేషన్ ఎలా వస్తుంది? దాన్ని పట్టుకోవడం ఎలా?

జవాబు: సంతకం చెప్పేది రెండే ముక్కలు. పంపిన వాహనానికి చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ ఉంది, దారిలో ఎవరూ మెసేజ్‌ని మార్చలేదు. లోపల రాసింది నిజమో కాదో దానికి తెలియదు. కారులోని సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా మార్చేసినా, జీపీఎస్‌కి దొంగ సిగ్నల్ అందించినా, ఆ అబద్ధం మీదే చక్కగా సంతకం పడిపోతుంది.

పట్టుకోవడం మామూలు లెక్కతోనే మొదలవుతుంది. ఈ మెసేజ్‌లు సాధారణంగా సెకనుకు 10 వెళ్తాయి. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. అంటే ఒక మెసేజ్‌కీ తర్వాతి దానికీ మధ్య కారు 2 మీటర్లు జరగాలి. ఉన్నట్టుండి 40 మీటర్లు జరిగానందా, అది గంటకు 1,440 కిలోమీటర్ల వేగం! ప్రయాణికుల విమానం కూడా అంత జోరుగా వెళ్లదు.

తెలివైనవాడు అలా దొరకడు. అసలు చోటుకి ప్రతిసారీ అదే 15 మీటర్లు కలిపి చెబుతాడు. వేగం లెక్క అతికినట్టు సరిపోతుంది. అప్పుడు బయటి సాక్ష్యం వెతకాలి. అక్కడ అసలు రోడ్డుందా? అదే చోట ఇంకో వాహనం కూడా ఉన్నానంటోందా? మన రాడార్‌కి అక్కడ ఏమైనా కనిపిస్తోందా? సిగ్నల్ బలం కూడా కొంత చెబుతుంది. అడ్డేమీ లేని చోట దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. కానీ మధ్యలో ఒక్క లారీ వచ్చిందంటే ఆ లెక్క గల్లంతే. అందుకే నేనైతే సిగ్నల్ బలాన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పను.

ఇంకో చిక్కుంది. ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ ఎవరి ప్రమేయం లేకుండానే తప్పు చెబుతుంది. ఒక్క పొరపాటుకే దొంగ ముద్ర వేయకుండా, వరసగా వచ్చే మెసేజ్‌లను బట్టి అనుమానం స్కోరు పెంచుతూ తగ్గిస్తూ వెళ్లండి.

డేటాకి టెన్షన్ అక్కర్లేదు. 2018లో వచ్చిన వెరెమి (VeReMi) అనే వాహన మెసేజ్‌ల డేటాసెట్‌లో ఐదు రకాల లొకేషన్ అబద్ధాలున్నాయి. కొంతసేపు బుద్ధిగా నడిచి, ఆ తర్వాత ఆగిపోయినట్టు నటించే రకం నాకు వాటిలో ఆసక్తికరంగా అనిపిస్తుంది. దాంతో మెషీన్ లెర్నింగ్ మోడల్ చేస్తే ఒక్క జాగ్రత్త: మోడల్‌కి నేర్పే ట్రైనింగ్‌కీ, దాన్ని పరీక్షించే టెస్టింగ్‌కీ డేటాని మెసేజ్‌ల వారీగా కాదు, వాహనాల వారీగా విడదీయండి. ఒకే కారు మెసేజ్‌లు రెండు వైపులా పడితే మోడల్‌కి మార్కులు దండిగానే వస్తాయి, వైవాలో మాత్రం మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.