పొద్దున పూట డీజీ (డీజిల్ జనరేటర్) స్టార్ట్ అవ్వట్లేదని డీజిల్‌లో కిరోసిన్ కలపకండి

మీరు అడిగింది ఇదీ కదా: డిసెంబర్ వచ్చినప్పటి నుంచి మీ అపార్ట్‌మెంట్ 125 కేవీఏ డీజీ తెల్లవారుజామున కరెంట్ పోతే రెండు మూడు సార్లు మూలిగి ఆగిపోతోంది, మధ్యాహ్నం అయితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది, అసోసియేషన్‌లో ఒకాయన డీజిల్ పేరుకుంది కిరోసిన్ కలపండి అంటున్నాడు, ఇంకొకాయన ఈథర్ స్ప్రే (ఇట్టే అంటుకునే ద్రవం, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో కొడతారు) కొట్టమంటున్నాడు.

నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటా, ఇక్కడ నాలుగైదు అపార్ట్‌మెంట్ల డీజీలు చూసుకుంటా, అంతకుముందు రెండు చలికాలాలు లేహ్‌లో ఒక సైట్‌లో జనరేటర్ల మీదే పని చేశా. అందుకే చెప్తున్నా, మీ డీజిల్ పేరుకోలేదు. డీజిల్‌లో మైనం ఉంటుంది, చలికి అది మన కొబ్బరినూనె సీసాలో తెల్లగా అయినట్టు తేలి ఫిల్టర్‌ని మూసేస్తుంది, అది నిజమే. కానీ మామూలు డీజిల్ చలికాలం గ్రేడ్ 6 డిగ్రీల దాకా ఫిల్టర్ దాటి పోవాలని స్టాండర్డ్. బెంగళూరులో ఇప్పటిదాకా రికార్డయిన కనిష్ఠమే 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. ఇప్పుడు మనం స్వెట్టర్లు, మంకీ క్యాపులు వేసుకునేది 13, 14 డిగ్రీలకి!

లేహ్‌లో రాత్రి మైనస్ 20 అంటే అక్కడ కథ వేరు. ఫిల్టర్ విప్పితే లోపల పేరుకున్న నెయ్యే, వేలితో తీయొచ్చు. 2019 నవంబర్‌లో ఇండియన్ ఆయిల్ లద్దాఖ్ కోసమని మైనస్ 33 దాకా పారే డీజిల్ తెచ్చింది కాబట్టి సరిపోయింది, అది లేనప్పుడు డీజిల్ కరగాలని ట్యాంక్ కింద స్టవ్ వెలిగించే డ్రైవర్లని నా కళ్లతో చూశా, తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి. మేం చలికి చిక్కబడని 5డబ్ల్యూ ఇంజిన్ ఆయిల్ వేసేవాళ్లం, కూలెంట్ సగం నీళ్లు సగం గ్లైకాల్, ఇంజిన్ కూలెంట్‌ని వెచ్చగా ఉంచే జాకెట్ హీటర్ రాత్రంతా ఆన్‌లోనే, బ్యాటరీలు మాత్రం విప్పి మేం పడుకునే గదిలో పెట్టుకునేవాళ్లం, పసిపిల్లల్ని చూసుకున్నట్టు. ఇందులో సగం మీకు అక్కర్లేదు, అక్కర్లేని దానికి డబ్బు పెట్టకండి.

మీకు అక్కర ఉన్నది బ్యాటరీ. చల్లబడితే దాని బలం తగ్గుతుంది, అదే సమయంలో ఆయిల్ చిక్కబడి ఇంజిన్ తిరగడానికి ఎక్కువ బలం అడుగుతుంది, కొత్త బ్యాటరీ అయితే మనకి తెలియదు, మూడేళ్లు దాటినది అయితే డిసెంబర్ పొద్దునే బయటపడుతుంది. మీటర్ పెట్టి చూడండి, 12 వోల్ట్ బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో, ఏ లోడూ లేకుండా ఊరికే ఉన్నప్పుడు 12.6 దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.5 కిందికి పడితే అయిపోయినట్టే. టెర్మినల్ మీద తెల్లగా పచ్చగా బూజులాగా ఉంటే వైర్లు విప్పి వంటసోడా నీళ్లతో కడగండి, విప్పేటప్పుడు మైనస్ ముందు. ఇంకోటి, చార్జర్ నిజంగా ఆన్‌లో ఉందా? పోయినేడు ఒక చోట ఇదే కంప్లయింట్, కొత్త బ్యాటరీకి కొటేషన్ కూడా వచ్చేసింది, తీరా చూస్తే చార్జర్ ప్లగ్ పీకేసి ఆ సాకెట్‌లో టీ కెటిల్ పెట్టారు.

ఈథర్ స్ప్రే వద్దు. చలికి ఇంజిన్ అందుకోవడానికి లోపల వేడి చేసే గ్లో ప్లగ్ గానీ ఇన్‌టేక్ హీటర్ గానీ ఉన్న ఇంజిన్‌లో కొడితే గాలి లోపలికెళ్లే దారిలోనే పేలొచ్చు. కిరోసిన్ కలిపితే పంపుకి, ఇంజెక్టర్లకి ఉండాల్సిన జారుడు పోతుంది, ఇక్కడి చలికి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. ట్యాంక్ మాత్రం సగానికి ఉంచకుండా నింపి పెట్టండి, ఖాళీ చోట చెమ్మ పట్టి నీళ్లు దిగుతాయి, డీజిల్‌లోని నీళ్లు వేరుచేసే వాటర్ సెపరేటర్ వారానికోసారి డ్రెయిన్ చేయించండి. స్టార్ట్ అవ్వగానే లిఫ్టులు పంపులు అన్నీ ఒకేసారి ఎక్కకుండా ప్యానెల్‌లో వార్మప్ టైమ్ కొంచెం పెంచండి. అలాగని వేడెక్కాలని అరగంట లోడ్ లేకుండా నడపొద్దు, కాలని డీజిల్ సైలెన్సర్ జాయింట్లలోంచి నల్లగా కారుతుంది, టెస్ట్ చేసేదేదో కనీసం 30 శాతం లోడ్ మీద చేయండి.

ఇప్పుడు మీరు అడగనిది. చలికాలంలో ఇక్కడ నాకు భయం మిషన్ గురించి కాదు, దాని పక్కన పడుకునే మనిషి గురించి. డీజీ రూమ్ వెచ్చగా ఉంటుంది కదా, నైట్ వాచ్‌మెన్ కుర్చీ మెల్లగా లోపలికి జరుగుతుంది, తర్వాత చలిగాలి వస్తోందని షట్టర్ సగం దిగుతుంది, తర్వాత లూవర్లకి, అంటే గాలి ఆడే పలకల సందులకి, అట్టముక్క. నేను చూసే ఒక చోట కదిరి నుంచి వచ్చిన పిల్లోడు అలాగే పడుకున్నాడు, ఆ రాత్రి కరెంట్ మూడు గంటలు పోయింది. నాలుగింటికి నేను వెళ్లేసరికి బయట మెట్ల మీద తల పట్టుకుని కూర్చుని కక్కుతున్నాడు, రాత్రి తిన్న ఎగ్ రైస్ పడలేదన్నా అన్నాడు. నేనూ నమ్మేవాణ్ణే, లోపల లైట్ వేస్తే పొగగొట్టం బెలోస్ జాయింట్ (ఇంజిన్‌కీ గొట్టానికీ మధ్య ముడతల అతుకు) చుట్టూ మసి కనిపించింది కాబట్టి పొగ లోపలే లీకవుతోందని తెలిసింది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా రక్తానికి అంటుకుంటుంది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు, బతికి బయటపడ్డాడు. ఆ మసి నేను వారం ముందే చూశా, సర్వీస్ వాళ్లు వచ్చినప్పుడు చెప్దాంలే అనుకున్నా, అది నా తప్పే.

కాబట్టి ఇవాళే ఆ రూమ్‌కి వెళ్లి చూడండి, కుర్చీ, దుప్పటి ఉంటే బయటికి తీయించి వాచ్‌మెన్‌కి గేటు దగ్గర గాలి తగలని చోటు ఒకటి చూడండి, ఊరికే తిట్టి పంపితే రేపు మళ్లీ అక్కడికే వస్తాడు, చలి కదా పాపం. ఎవరికైనా తలనొప్పి, వాంతి, మత్తు అంటే ముందు ఆరుబయటికి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయండి, డీజీ ఎందుకు ఆగిందో తర్వాత చూసుకోవచ్చు.

బ్యాటరీ మీద తేదీ కనబడేలా ఒక ఫోటో, బెలోస్ జాయింట్‌ది ఒక ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.