బడులు కట్టించే కంపెనీ షేర్లు కొనవచ్చా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. ఉద్యోగ విరమణ సొమ్ములో 8 లక్షలు షేర్లలో పెట్టాలనుకుంటున్నాను. బడులు, ఆసుపత్రులు కట్టించే కంపెనీలైతే నిజాయితీగా ఉంటాయని నా నమ్మకం. సరైనదేనా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఉద్దేశం మంచిదే, కొలబద్దే పనికిరాదు. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు – వీటిలో ఏ ఒక్కటి చేరినా, 2013 కంపెనీల చట్టం ప్రకారం ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం చదువు, వైద్యం వంటి సామాజిక బాధ్యత పనులకు ఖర్చు పెట్టాలి. పన్ను కట్టినందుకు ఎవరికీ శాలువా కప్పం కదా!

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌ను తెలుగువాళ్లం మరచిపోకూడదు. 2005లో 108 అంబులెన్సు సేవను మొదలుపెట్టింది ఆ కంపెనీని స్థాపించిన కుటుంబమే. అది ఎన్నో ప్రాణాలు నిలిపింది, కాదనలేం. 2008లో ఆ కంపెనీకి కార్పొరేట్ పాలనలో అవార్డూ దక్కింది. ఆ డిసెంబరులోనే, కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సత్యం సొమ్ముతో కొనబోయి, మదుపరులు తిరగబడితే వెనక్కి తగ్గారు. అమ్మేదీ కొనేదీ ఒకే ఇంటివారు! మూడు వారాలకు, 2009 జనవరి 7న, లెక్కల్లో చూపిన 5,000 కోట్లకు పైగా నగదు అసలు లేదని చైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. ఆ ఒక్కరోజే షేరు ధర ముప్పావు వంతుకు పైగా కరిగిపోయింది.

అందుకే వార్షిక నివేదికలో పిల్లలు నవ్వుతున్న ఫొటోలు దాటి వెనక పేజీలకు వెళ్లండి. ప్రమోటర్ల (కంపెనీని స్థాపించి నడిపేవారి) సొంత సంస్థలతో లావాదేవీలు, తాకట్టులో ఉన్న వారి షేర్లు, ఆడిటర్ అభ్యంతరాలు చూడండి. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన మేరకు బీఆర్‌ఎస్‌ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక కూడా ఇస్తాయి. పనిలో ఎందరు కార్మికులు చనిపోయారో, ఎంత జరిమానా కట్టారో అందులో ఉంటుంది. నేను ముందుగా తెరిచేది ఆ కార్మికుల పట్టికనే.

ఇంత చదవడం కష్టమనిపిస్తే పర్యావరణం, సమాజం, పాలన తీరు చూసి షేర్లు కొనే ఈఎస్‌జీ మ్యూచువల్ ఫండ్లున్నాయి. కానీ సెబీ వర్గీకరణలో అవి థీమాటిక్ ఫండ్లు, అంటే ఒకే ఇతివృత్తానికి కట్టుబడేవి, రిస్కు ఎక్కువ. లక్ష రూపాయలకు మించి వద్దు. పొగాకు, మద్యం కంపెనీలు మీకు సమ్మతం కాకపోతే, ఏ ఫండైనా నెలనెలా ప్రకటించే షేర్ల జాబితా చూసుకొని కొనండి.

మీకు పింఛను వస్తుందో లేదో రాయలేదు. రాకపోతే ఈ 8 లక్షల్లో 6 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేసి, షేర్ల మాట మిగిలిన దానితోనే ఆలోచించండి.