చల్లగా లేని బీరు పాడైనట్టేనా?

ప్రశ్న: అన్నా, ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లో ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. శుక్రవారం సాయంత్రం టీం అంతా పబ్‌కి వెళ్తారు. మొన్న మా మేనేజర్ ‘బిట్టర్’ అని ఒక పైంట్ తెచ్చి చేతిలో పెట్టాడు. చల్లగా లేదు, గ్యాస్ లేదు, పైగా చేదు. పాడైపోయిందేమో అనుకున్నాను, అడగడానికి మొహమాటపడి మొత్తం తాగేశాను. అందులో చేప నుంచి తీసినదేదో వేస్తారని తర్వాత ఎవరో చెప్పారు. మాది శాకాహార కుటుంబం. మళ్లీ శుక్రవారం వస్తోందంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ గ్లాసు సంగతి చెప్తాను. మీరు రాసిన మూడు లక్షణాలూ మంచి బిట్టర్‌కి ఉండాల్సినవే, గ్యాస్ మాత్రం అసలు లేకుండా కాదు, కొద్దిగా ఉంటుంది. అది పాడవలేదు.

మన దగ్గర బీరంటే లాగర్. ఐసులోంచి తీసి, చెమట పట్టిన సీసాతో తెచ్చిస్తారు. అంత చల్లదనంలో నాలుకకి రుచి సరిగా తెలియదు, గ్యాస్ ఒక్కటే తెలుస్తుంది. ఇంగ్లీషు బిట్టర్ వేరే జాతి. ఇది ఏల్ అనే రకం. దీన్ని పులియబెట్టే ఈస్ట్ కాస్త వెచ్చని వాతావరణంలో పనిచేస్తుంది, అందుకే పండ్ల వాసనలాంటిది వస్తుంది. బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే చోటు నుంచి పీపాలో బయల్దేరేటప్పటికి ఆ ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. పబ్ నేలమాళిగలో పీపా లోపల రెండోసారి పులుస్తుంది, గ్యాస్ కూడా అక్కడే కొద్దిగా పుడుతుంది. బయటి నుంచి ఎక్కించరు. చెక్క పిడి ఉన్న హ్యాండ్ పంప్‌ని చేత్తో లాగి గ్లాసులోకి పోస్తారు. వడ్డించాల్సిన వేడి 11 నుంచి 13 డిగ్రీలు. ఎండాకాలంలో కుండలో నీళ్లు తాగుతామే, ఆ చల్లదనం ఊహించుకోండి. ఫ్రిజ్ నీళ్లతో పోలిస్తే వెచ్చన, కానీ గొంతుకి హాయి.

కల్లు తెలిసినవాళ్లకి ఇది తొందరగా అర్థమవుతుంది. తెల్లవారుజామున చెట్టు మీంచి దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుపెక్కుతుంది. పీపా బీరు కూడా అలాగే ప్రాణమున్న పానీయం. ఒకసారి తెరిస్తే మూడు రోజుల్లో అమ్ముడవ్వాలి, లేకపోతే గాలి తగిలి పులిసిపోతుంది. అందుకే జనం ఎక్కువగా వచ్చే పబ్‌లో బిట్టర్ బాగుంటుంది. ఏ పంప్ ఎక్కువ పోతోందని కౌంటర్‌లో అడగండి, సంతోషంగా చెప్తారు.

ఇక చేదు. అది హాప్స్ అనే తీగ పూలది. చిన్న ఆకుపచ్చ మొగ్గల్లా ఉంటాయి. ఫగుల్, ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ ఇక్కడి పాత రకాలు, మట్టి వాసన, ఎండుగడ్డి వాసన వస్తాయి. మనకి చేదు కొత్త కాదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు తింటాం, కాకరకాయ వేపుడుకి ఇంకొంచెం అన్నం కలుపుకుంటాం, పులుసులో మెంతులు వేస్తాం. మనం చేదుని ఒంటరిగా తినం, పక్కన బెల్లమో పులుపో ఉంటుంది. బిట్టర్‌లో ఆ బెల్లం పాత్ర మాల్ట్‌ది. చిన్నపిల్లలకి రాగి మాల్ట్ చేస్తాం కదా, మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి. బార్లీతో అదే పని. కొంత బార్లీని ఎక్కువ వేడి చేస్తే పాకం వాసన, రాగి చెంబు రంగు వస్తాయి. మాల్ట్ తీపి ముందు, హాప్స్ చేదు వెనక. ఆ రెండూ తూగితేనే మంచి బిట్టర్.

మీరు షెఫీల్డ్‌లోనే ఉన్నారు కాబట్టి ఒక బీరు పేరు చెప్తాను. పక్కనే డెర్బీషైర్‌లో థార్న్‌బ్రిడ్జ్ అనే క్రాఫ్ట్ బ్రూవరీ ఉంది. 2005లో థార్న్‌బ్రిడ్జ్ హాల్ అనే పాత భవనం ఆవరణలో మొదలైంది, తర్వాత బేక్‌వెల్ ఊళ్లో పెద్దది కట్టారు. 2002లో ప్రభుత్వం చిన్న బ్రూవరీలకి పన్ను తగ్గించాక ఇలాంటివి దేశమంతా పుట్టుకొచ్చాయి. వీళ్ల బీర్లలో మనవాళ్లకి జైపూర్ పేరు తొందరగా కనపడుతుంది. అందులో ఆల్కహాల్ 5.9 శాతం, కొత్తవాళ్లకి ఘాటు. దాన్ని తర్వాత చూడొచ్చు. మీరు లార్డ్ మార్పుల్స్ అడగండి. 4 శాతం ఉండే అచ్చమైన బిట్టర్. ఆ హాల్‌లో ఒకప్పుడు ఉన్న యజమాని పేరది. మీ రైల్వే స్టేషన్‌లోనే షెఫీల్డ్ ట్యాప్ అని పాత ఫలహారశాలని బాగుచేసి పెట్టిన పబ్ ఉంది. బీరుని శ్రద్ధగా చూసుకునే చోటు, ఆ గదిని చూడటానికైనా వెళ్లాలి.

పైంట్ వద్దు, హాఫ్, అంటే అర పైంట్ తీసుకోండి. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, మొదటిసారికి అది ఎక్కువ. కొనేముందు కొంచెం రుచి చూస్తానంటే చిన్న గ్లాసులో పోసిస్తారు, డబ్బు తీసుకోరు. ముందు వాసన చూడండి. లార్డ్ మార్పుల్స్‌లో నాకు తేనె, కాస్త మాడిన పాకం తగులుతాయి. ఒక గుక్క తాగి మింగేయండి. వైన్ రుచి చూసేవాళ్లలా ఉమ్మకూడదు, ఎందుకంటే బిట్టర్ అసలు రుచి మింగాకే తెలుస్తుంది. మొదటి గుక్కకి చేదొక్కటే కనపడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మూడో గుక్కకి తీపి బయటపడుతుంది. చివర్లో పచ్చి జామకాయ కొరికినట్టు కాస్త వగరు మిగులుతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఆ వగరు కోసమే తాగాలనిపిస్తుంది. మీ వైపు పంప్ మూతికి చిన్న చిల్లుల బిళ్ల బిగిస్తారు, దాంతో మీగడలాంటి నురగ వస్తుంది. లండన్‌లో చాలా చోట్ల అది పెట్టరు. పక్కన ఉప్పు వేరుశెనగలు బాగుంటాయి. పోర్క్ స్క్రాచింగ్స్ అని ప్యాకెట్ ఉంటుంది, అది పంది తోలు, తెలుసుకుని తీసుకోండి.

మీరు అడగలేక తాగేశానన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నేను వచ్చిన మొదటి చలికాలంలో ఒక పబ్‌లో నాకిచ్చిన పైంట్ నిజంగానే పులిసిపోయింది. వెనిగర్ వాసన కొడుతోంది. ఇక్కడి రుచి ఇంతే కాబోలని కళ్లు మూసుకుని అంతా తాగాను. పక్కన కూర్చున్న పెద్దాయన అదే పంప్ బీరు ఒక్క గుక్క తాగి లేచి, గ్లాసు కౌంటర్ మీద పెట్టి, వేరేది తెచ్చుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. నేను ఆ రాత్రంతా కడుపునొప్పితో ఉన్నాను. దయచేసి మీరలా చేయకండి. వెనిగర్ పులుపు, తడిసిన అట్టపెట్టె వాసన, కాగిన వెన్న వాసన గుప్పుమనడం పాడైన గుర్తులు. గ్లాసు దాదాపు నిండుగా ఉండగానే తీసుకెళ్లి, “ఇది పులిసినట్టుంది, కాస్త చూస్తారా” అనండి. సాధారణంగా మార్చి ఇస్తారు. మసకగా ఉండటం ఒక్కటే తప్పు కాదు, కొన్ని క్రాఫ్ట్ బ్రూవరీలు కావాలనే అలా వదిలేస్తాయి.

ఆ మసకతోనే మీ చేప ప్రశ్న ముడిపడి ఉంది. మీకు చెప్పింది నిజమే. ఐసింగ్లాస్ అని, చేప కడుపులోని గాలితిత్తి నుంచి తీసే పదార్థం ఉంది. ఈస్ట్‌ని కిందికి దింపి బీరుని తేటపరచడానికి పీపాలో వేస్తారు. అది అడుగున ఉండిపోతుంది గానీ, నియమంగా ఉండేవాళ్లకి ఆ మాట సరిపోదు. మా ఇంట్లో మా ఆవిడ అస్సలు ముట్టదు, నేను ఆ పట్టింపుని గౌరవిస్తాను. అది వాడకుండా చేసేవాళ్లు ఉన్నారు. “ఇది వీగనేనా?”, అంటే జంతువుల నుంచి తీసినదేదీ లేనిదేనా అని ఒక్క మాట అడిగితే చాలు. తెలియదంటే వదిలేయండి.

రౌండ్‌ల గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. నలుగురు కూర్చుంటే ఒక్కొక్కరూ అందరికీ ఒకసారి కొంటారు, అలా నాలుగు పైంట్లు ముందుకొస్తాయి. ఇక్కడ ఆల్కహాల్‌ని యూనిట్లలో లెక్కేస్తారు, 4 శాతం పైంట్ అంటే 2.3 యూనిట్లు. ఇక్కడి వైద్యాధికారుల సలహా వారానికి 14 దాటొద్దని. నాలుగు పైంట్లకే తొమ్మిది అయిపోతాయి. కాబట్టి మొదటి రౌండ్‌కి ముందే “నాది నేను కొనుక్కుంటాను” అనండి. లేదా మీ వంతు కొని, మీకు లైమ్ సోడా చెప్పుకోండి. అసలు తాగకపోయినా ఫర్వాలేదు, మీ మేనేజర్‌కి కావాల్సింది మీరు వచ్చి కూర్చోవడం. వయసు 25 లోపు కనిపిస్తే గుర్తింపు కార్డు అడుగుతారు, అవమానంగా తీసుకోకండి. కారు మాత్రం ఇంటి దగ్గరే వదిలేయండి, హాఫ్ తాగినా సరే. తాగి నడిపిన కేసు పడితే వీసా కాగితాల్లో ఏళ్ల తరబడి రాస్తూ ఉండాలి. షెఫీల్డ్‌లో ట్రామ్ ఉంది, బేక్‌వెల్‌కి బస్సు ఉంది.